గరిటె మనదే... గద్దె ఎవరిది?

కిందటేడు వేసవి. కల్లాల్లో మిరపకాయల పని అయిపోయి, ఇళ్లల్లో ఆవకాయల పని మొదలైన రోజులు. మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాను. పొదిలి నుంచి మా అక్క ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు.

“నువ్వే చెప్పాలే దానికి. కథలు రాసేదానివి, నీ మాటైతే వింటుంది. జపాను వంటేదో నేర్చుకుంటుందంట. సుషీ అంట. పచ్చి చేపముక్క అన్నం ముద్ద మీద పెట్టిస్తారంట. దానికోసం బెంగుళూరు పోతుందంట. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిస్తే ఏ ఏసీ గదిలోనో కూర్చునే ఉద్యోగం వస్తుందనుకున్నాం గానీ, చేపలు కోసుకోడానికా ఇంత డబ్బు పోసింది? రేపు సంబంధం వస్తే పిల్ల ఏం చేస్తుందని అడుగుతారు. ఏమని చెప్పను?”

నేనూ ఏమంత గొప్పగా ఆలోచించలేదు. దాపరికమెందుకు, నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇదీ. “వంట నేర్చుకోడానికి బెంగుళూరెందుకే? మనింట్లో లేని వంటా?”

నాలుగు రోజుల తర్వాత పిల్ల దర్శిలో మా ఇంటికొచ్చింది. నచ్చజెప్పి వెనక్కి పంపడం నా వంతు. నేను చెప్పిందంతా తలొంచుకుని విని, “సరే పిన్నీ, ఆకలేస్తోంది, పులిహోర కలుపు” అంది. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి బేసిన్లో ఆరబోసి, నూనె, పసుపు వేసి, మెతుకు చిదిమిపోకుండా అట్లకాడతో కిందికీ పైకీ తిప్పుతుంటే, పక్కన కూర్చుని విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది.

“ఇదే పిన్నీ సుషీలో మొదటి పాఠం” అంది.

పులుపు చుట్టరికం

ఆ రోజు అది చెప్పింది విన్నాకే నాకు సుషీ అంటే పచ్చిచేప కాదని తెలిసింది. సుషీ అంటే ముందు అన్నం. పులిహోర పేరులో ‘పులి’ ఉన్నట్టే, సుషీ అన్న పాత మాటకీ పుల్లనిది అనే అర్థం. పొట్టిగా, గుండ్రంగా, కాస్త అతుక్కునే జపాను బియ్యం వండి, వెడల్పాటి చెక్క తొట్టిలో పోస్తారు. వేడిగా ఉండగానే వెనిగర్, ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు చిలకరిస్తారు. మెతుకు నలగకుండా చెక్క తెడ్డుతో కోసినట్టు కలుపుతూ విసురుతారు. మనం చింతపండు పులుసు పోస్తాం, వాళ్లు వెనిగర్ పోస్తారు. చేతి ఒడుపు ఒకటే.

అసలు సుషీ పుట్టిందే నిలవ కోసమంట. ఉప్పు పట్టించిన చేపల్ని అన్నంలో కూరి నెలల తరబడి పులియబెట్టేవాళ్లు. ఆ పులుపుకి చేప చెడదు. తర్వాత అన్నం పారేసి చేప తినేవాళ్లు. ఆ పద్ధతి మెకాంగ్ నది వైపు వరిపొలాల్లో పుట్టి జపానుకి వెళ్లిందని పండితులంటారు. జాడీలో ఉప్పూ కారం మధ్య మామిడికాయని ఏడాది దాచే మనకి ఇదేమన్నా కొత్తా? అక్కడికక్కడే చేత్తో ముద్ద చేసి చేపముక్క పెట్టిచ్చే సుషీ 1820ల్లో ఇప్పటి టోక్యోలో మొదలైంది. హనయా యోహెయ్ అనే ఆయన పేరు చెబుతారు. అప్పుడది పెద్ద హోటలు తిండి కాదు, వీధిలో నిలబడి తినే తిండి. మన బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండి లాంటిదన్నమాట.

వాళ్ల వసాబి కూడా మన ఆవాల కుటుంబానిదే. ఆవపెట్టిన కూర తింటే ఘాటు ముక్కులోకెక్కుతుంది చూడండి, అదే తీరు. (ఇదంతా చదివి కాలవ చేపతో ఇంట్లో ప్రయత్నం చేయకండి. చెరువు, కాలవ చేపల్లో పురుగులుంటాయి. సుషీకి వాడే చేపల్ని చాలావాటిని ముందుగా బాగా గడ్డకట్టించి, ఆ భయం లేకుండా చేసి వాడతారు.)

అన్నం కడగడానికి ఏళ్లా?

ఈ పనికి జపానులో పెద్ద పేరుంది. అన్నం వండడానికి మూడేళ్లు, ముద్ద కట్టడానికి ఎనిమిదేళ్లు అని వాళ్లలో ఒక నానుడి. కుర్రాడు చేరగానే కత్తి ఇవ్వరు. గిన్నెలు తోమడం, బియ్యం కడగడం, గచ్చు తుడవడం. తర్వాత అన్నం. ఆ తర్వాత రొయ్యలు. రొయ్య ఉడికితే ముడుచుకుంటుంది కదా, నిటారుగా ఉండాలని పొట్టవైపు వెదురుపుల్ల గుచ్చి ఉడకబెడతారు. కత్తికి ఒకవైపే పదును. దాన్ని నీళ్లరాయి మీద రోజూ నూరాలి. చేపని రంపంలా కోయకూడదు, ఒక్క లాగుకి ముక్క రావాలి. అన్నం మన ఒంటి వేడిమీదుండాలి, చల్లారకూడదు.

1925లో పుట్టిన జిరో ఒనో అనే ఆయన మీద 2011లో ‘జిరో డ్రీమ్స్ ఆఫ్ సుషీ’ అని ఒక డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన శిష్యుడొకడు కోడిగుడ్డు అట్టు రెండు వందలసార్లకు పైగా చేస్తే, అన్నిసార్లూ గురువు బాలేదన్నాడు. చివరికి బాగుందన్న రోజు ఆ శిష్యుడికి ఏడుపొచ్చిందంట.

గొప్ప విషయమే. కాదనను. అయితే నాకొక లెక్క తట్టింది. నాకు పెళ్లయి పదిహేడేళ్లు. రోజుకి రెండుసార్లు అన్నం వండినా పన్నెండు వేలసార్లు దాటింది. మెత్తబడితే “ఇదేం అన్నం” అని వినిపించిన ఇంట్లో, బాగున్న రోజు ఎవరూ ఏమీ అనలేదు. నా మీద ఎవరూ సినిమా తీయలేదు, తీయక్కర్లేదు కూడా. కానీ అదే పని మగవాడు కొట్లో చేస్తే తపస్సు, ఆడది ఇంట్లో చేస్తే ‘వంటేగా’ ఎందుకైందో ఒక్కసారి అడగాలనిపించింది.

వేడి చేతుల కథ

ఇక అసలు సంగతికొస్తాను. సుషీ వండేవాణ్ణి జపాను భాషలో ‘ఇతమాయె’ అంటారు. కోసే చెక్క ముందు నిలబడేవాడు అని దాని అర్థం. తినేవాళ్లకి ఎదురుగా, ఆ బల్ల ముందు నిలబడడమే గౌరవం. ఆ చోటు తరతరాలుగా మగవాళ్లది. ఆడవాళ్లకి ఎందుకివ్వరయ్యా అంటే చెప్పే కారణాల్లో మొదటిది, ఆడవాళ్ల చేతులు వేడిగా ఉంటాయని, ఆ వేడికి పచ్చిచేప పాడవుతుందని!

నాకు నవ్వాగలేదు. చలికాలం రాత్రి నా చెయ్యి తగిలితే “మంచుగడ్డలా ఉంది, తీయవే” అని కసురుకునే మా వారినడిగితే తెలుస్తుంది ఎవరి చేతులు వేడో! ఇది ఇంటి సాక్ష్యమే కాదు. 1998లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో అమెరికా వైద్యులు కొలిచి మరీ రాశారు, ఆడవాళ్ల చేతులు మగవాళ్ల చేతులకన్నా చల్లగానే ఉన్నాయని.

రెండో కారణం విన్నాక నవ్వు పోయింది. ఆ జిరో గారి పెద్దకొడుకు యోషికజు 2011లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రికకి చెప్పిన సమాధానం అది. ఆడవాళ్లకి నెలసరి వస్తుంది, దానివల్ల నాలుక రుచి నిలకడగా ఉండదు, అందుకే సుషీ వండేవాళ్లు కాలేరు అన్నారాయన.

ఎక్కడో విన్నట్టు లేదూ? మా అమ్మమ్మ ఇంట్లో ఆ మూడు రోజులు ఊరగాయ జాడీ వైపు చూడనిచ్చేవాళ్లు కాదు, బూజు పడుతుందని. సముద్రాలు దాటినా మాట ఒక్కటే. నెలలో మిగతా రోజులు అదే నాలుక ఇంటిల్లిపాదికీ ఉప్పు చూస్తుంది, అత్తగారి బీపీకి ఒకటి, పిల్లల క్యారేజీకి ఒకటి రుచి చూసి పెడుతుంది. అప్పుడు నిలకడ గురించి ఎవరికీ అనుమానం రాదు. జీతం ఇవ్వాల్సిన చోటే వస్తుంది.

జపాను ఆడవాళ్లు ఊరుకోలేదు. 2010లో టోక్యోలోని అకిహబరాలో అందరూ ఆడవాళ్లే వండే సుషీ కొట్టు ‘నదెషికో’ తెరిచారు. అంతకుముందే 2002లో టోక్యో సుషీ అకాడమీ మొదలై, ఏళ్ల తరబడి గిన్నెలు తోమించకుండా నెలల్లో పాఠాలుగా ఈ పని నేర్పింది. బడి అనేది వచ్చాక ఆడపిల్లలకి దారి దొరికింది. గురువు దయ మీద కాకుండా ఫీజు కట్టి నేర్చుకునే చదువైతే, ‘నీ చెయ్యి వేడి’ అని గుమ్మం దగ్గర ఆపడం అంత తేలిక కాదు కదా.

జపానుని చూసి నవ్వేముందు...

ఇంతవరకూ చదివి, ‘అబ్బ, జపానువాళ్లకెంత చాదస్తం’ అనుకుంటున్నారా? మన పెళ్లి పందిట్లోకి రండి.

మా అక్క పెళ్లి నాకింకా గుర్తు. మా అమ్మ చేతి పులిహోరకి మా వీధిలో పేరుండేది. పెళ్లిరోజు గాడిపొయ్యి దగ్గర గంగాళంలో కలుపుతుంటే, “ఉప్పు ఒక్కసారి చూస్తానయ్యా” అంటూ మా అమ్మ వెళ్లింది. వంటమేస్త్రి చెయ్యి అడ్డం పెట్టి, “ఆడవాళ్లు పొయ్యి దగ్గరికి రాకూడదమ్మా, మీరెళ్లి పీటల దగ్గర కూర్చోండి” అన్నాడు. అదే పందిట్లో ఉల్లిపాయలు కోసేది ఆడవాళ్లే, అల్లం వెల్లుల్లి ఒలిచేది ఆడవాళ్లే, మసిబట్టిన గుండిగలు తోమేది ఆడవాళ్లే. గరిటె పట్టేది మాత్రం ఆయన, ఆయన తమ్ముళ్లు. సాయంత్రం లెక్క తేల్చేటప్పుడు మేస్త్రి కూలి వేరు, ఆ ఆడవాళ్ల కూలి వేరు. ఆరోజు అది అన్యాయమని నాకు తోచలేదు. లోకం తీరంతే అనుకున్నాను.

బళ్లో మధ్యాహ్న భోజనం చూడండి. మన రాష్ట్రంలో ఆ పథకానికి 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలన్నవాళ్లకల్లా అర్ధరాత్రయినా వండిపెట్టి 1909లో కన్నుమూసిన తల్లి ఆమె. మంచి పేరే పెట్టారు. మరి ఆ పొయ్యి దగ్గరున్న సీతమ్మలకి? కేంద్రం 2009లో నెలకి వెయ్యి రూపాయలని నిర్ణయించింది. మన రాష్ట్రం 2019లో మూడు వేలు చేసింది. దాన్ని జీతం అనరు, ‘గౌరవ వేతనం’ అంటారు. వందమందికి వండే మనిషికి రోజుకి వంద రూపాయలు పడితే, ఆ మాటలో మొదటి సగమే ఎక్కువనిపిస్తుంది.

మన ప్రకాశం, నెల్లూరు తీరాల రొయ్యల సంగతి ఇంకా దగ్గరిది. 1990ల్లో మన చెరువుల్లో పెంచిన టైగర్ రొయ్యకి పెద్ద బేరగాడు జపానే. 2009లో వనామీకి అనుమతి వచ్చాక అమెరికా ముందుకొచ్చింది. ఎగుమతి ఫ్యాక్టరీల్లో మంచునీళ్లలో చేతులు పెట్టి, గంటల తరబడి నిలబడి, ఆ రొయ్యల తల తీసి, పొట్టు ఒలిచి, నల్ల నరం లాగేది ఎవరు? నూటికి తొంభై మంది అనను గానీ, షిఫ్టు వదిలాక బస్సెక్కేవాళ్లని చూడండి, అందరూ మన ఆడవాళ్లే కనిపిస్తారు. అక్కడ వాళ్ల చేతులు వేడిగా ఉన్నాయని ఇంతవరకూ ఒక్క మేనేజరూ అనలేదు!

చేపల మార్కెట్టులో కత్తిపీట ముందు కూర్చునే ఆవిడ సంగతి సరే సరి. మొప్ప ఎత్తి చూసి, కన్ను నొక్కి చూసి, ఇది ఇవాళ్టిదో నిన్నటిదో చెప్పేస్తుంది. మాట్లాడుతూనే బొచ్చెని పది ముక్కలు చేసి పారేస్తుంది. ఆమెకి కిలోకి ఇంతని చిల్లర పడేస్తాం. పేరేంటని ఎప్పుడైనా అడిగామా? నేనైతే అడగలేదు.

అందుకే నాకిప్పుడు అనిపిస్తోంది. ఆడవాళ్లకి చేతకాక కాదు, చెయ్యి వేడయీ కాదు. వంటలో కష్టం ఉన్నంతవరకూ అది మన పని. పేరూ డబ్బూ వచ్చే మెట్టు దగ్గరికి రాగానే ఏదో ఒక కారణం పుడుతుంది. మన గుంటూరు జిల్లా కర్రె మస్తానమ్మగారిని తలుచుకోండి. బతుకంతా కట్టెల పొయ్యి ముందే గడిపింది. యూట్యూబులో ఆమె వంటని దేశదేశాలవాళ్లు చూసేనాటికి ఆమెకి నూరేళ్లు దాటాయన్నారు. 2018లో కన్నుమూసింది. ఆ చేతిలో విద్య కొత్తగా పుట్టిందా? చూసే కన్ను ఆలస్యంగా వచ్చింది, అంతే.

మళ్లీ వంటింట్లోకేనా?

ఇది చెబితే, కాలేజీలో నాతో చదువుకున్న స్నేహితురాలు ఒప్పుకోలేదు. “వంటింట్లోంచి బయటపడాలనే కదా మనం చదువుకున్నది? తిరిగి అందులోకే వెళ్లమంటావా?” అంది. ఆ ప్రశ్న తోసెయ్యదగ్గది కాదు. కానీ ఇంటి వంటగదికీ, జీతమొచ్చే వంటగదికీ ఒక తేడా ఉంది. రెండోదాంట్లో పని మొదలయ్యే టైముంది, ముగిసే టైముంది, వారానికొక సెలవుంది, నచ్చకపోతే మానేసే హక్కుంది. మనింటి వంటగదిలో వీటిలో ఏదుంది చెప్పండి?

అలాగని పూలబాట అనను. పిల్లని పంపే తల్లులకి ఉన్నదున్నట్టు చెప్పాలి. రోజుకి పది పన్నెండు గంటలు నిలబడాలి. వేళ్లు తెగుతాయి. మొదట్లో ఇచ్చేది హాస్టలు ఖర్చులకి చాలదు. వంటగది నిండా మగవాళ్లు, మోటు మాటలు. రాత్రి పదకొండింటికి పని వదులుతారు. అందుకే చేరేముందు అడగాల్సినవి అడగాలి. స్టైపెండు ఎంతో కాగితం మీద రాసిస్తారా? రాత్రి బండి పెట్టి దింపుతారా? బట్టలు మార్చుకోడానికి ఆడవాళ్లకి వేరే గదుందా? ఏ ఏ పనుల్లో ఎన్నాళ్లుంచుతారు? సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే మాత్రం వెనక్కి వచ్చేయమనండి.

చదువు దారులూ తెలుసుకోవాలి. హైదరాబాద్ లాంటి చోట్ల ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో చేరడానికి జాతీయ స్థాయి ప్రవేశపరీక్ష రాయాలి. వంటనే డిగ్రీగా చెప్పే కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా హైదరాబాద్‌లోనే 1996లో మొదలైంది. జపాను 2019లో నైపుణ్యం ఉన్న విదేశీ పనివాళ్ల కోసం కొత్త వీసా తెచ్చి, అందులో హోటలు పనిని కూడా చేర్చింది. 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం చేసుకుంది. దానికి జపాను భాష పరీక్ష, పని పరీక్ష రెండూ పాసవ్వాలి. కాబట్టి పరీక్షలేం లేవు, లక్షలు కడితే పంపిస్తామనే ఏజెంటు కనిపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

కొడుకు ఇంజినీరింగుకి పొలం అమ్మే ఊళ్లు మనవి. కూతురు వంట చదువుతానంటే ఆ డబ్బు దండగంటాం. పెళ్లిచూపుల్లో మాత్రం “మా పిల్ల వంట బాగా చేస్తుందండీ” అని మనమే ముందు చెబుతాం. ఇదేం న్యాయం?

మా పిల్ల బెంగుళూరు వెళ్లింది. బావని నేనే ఒప్పించాను, అక్క నాతో నెల రోజులు మాట్లాడలేదు. అక్కడ మొదటి మూడు నెలలూ బియ్యం కడగడమే పని. తర్వాత పెద్ద చెఫ్, “ఆడపిల్లవి, సలాడ్లు, స్వీట్ల వైపు వెళ్లు, అక్కడైతే తేలిక” అన్నాడంట. ఇది వెళ్లనంది. అందుకు శిక్షేమో, రొయ్యలు ఒలిచి పుల్లలు గుచ్చే పని నాలుగు నెలలు ఇచ్చాడు. ఒక రాత్రి ఫోన్లో ఏడ్చింది. వచ్చేయమని నోటిదాకా వచ్చింది గానీ అనలేదు. పోనీ ఉండమని గట్టిగా చెప్పే ధైర్యమూ చాల్లేదు.

పోయిన వారం మళ్లీ ఫోన్ చేసింది. పనివాళ్ల భోజనం వేళ మొదటిసారి దాని చేత డజను ముద్దలు కట్టించారంట. పెద్ద చెఫ్ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

“ఏమన్నాడే?” అన్నాను.

“అన్నం ఎక్కువైంది, ముద్ద గట్టిగా ఉంది, మళ్లీ కట్టు అన్నాడు పిన్నీ. చెయ్యి వేడని మాత్రం అనలేదు.”

ఆ మాట అక్కకి చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, “అన్నం ఎక్కువైతే ఎట్టా మరి, చేతికి కాస్త తడి చేసుకోమను” అంది. ఏడాది నుంచి ఎవరడిగినా “హోటల్లో ఏదో ఉద్యోగం” అని దాటేస్తోంది మా అక్క. ఈసారి ఎవరైనా అడిగితే, “మా అమ్మాయి వంట చేస్తుంది, జీతానికి” అని చెప్పించాలని నా పట్టుదల.

మీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఒకత్తి ఉండే ఉంటుంది. నాలాగా ‘వంట నేర్చుకోడానికి బెంగుళూరెందుకే’ అనేముందు, అది ఏం నేర్చుకోవాలనుకుంటోందో ఒక్క పూట కూర్చుని వినండి. పక్కన పులిహోర ఉంటే మరీ మంచిది.